బొప్పాయి కాడ రాకెట్టు

ద్రాక్షారామం,
5-7-98

వదినగారికి హారతి నమస్కారాలు.

దేవిశ్రీ చేతికి కట్టు విప్పారు. ఈ ముక్క సంతోషంగా రాయాలని ఎదురుచూశాను గానీ, రాయడానికి చెయ్యి రావడం లేదు. పిల్ల జామచెట్టు మీంచి పడినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు. మోచేతి ఎముక చక్కగా అతుక్కుందని రామచంద్రపురం డాక్టరుగారు అన్నారు. వేళ్ళు మాత్రం బిగుసుకుపోయాయట. "వాడితే వస్తాయమ్మా. వాడకపోతే అలాగే ఉండిపోతాయి. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇప్పుడు కదిలించకపోతే తర్వాత ఎంత చేసినా కష్టమే" అన్నారు.

వాడదు వదినా. కుడిచెయ్యి గౌను జేబులో పెట్టుకుని తిరుగుతుంది. పలక మీద ఎడంచేత్తో గీస్తుంది. అన్నం కూడా ఎడంచేత్తోనే. మొన్న మా ఆయన మేనత్తగారు వచ్చి, పంక్తిలో అందరి ముందూ "ఇదేంటే, ఆడపిల్లవి!" అని చెయ్యి పట్టుకు లాగారు. పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పట్నుంచి వంటింట్లో తలుపు వెనక్కి వెళ్ళి తింటోంది.

డాక్టరుగారు చెప్పినట్టు రోజూ వేడినీళ్ళలో పెట్టి వేళ్ళు వంచుతున్నాను. అది ఏడుస్తుంది, దాన్ని చూసి నేను ఏడుస్తాను. మీ ఇంట్లో కత్తిపీట మీద తెగితే మీరు పసుపద్ది పట్టుకున్నారే, ఆ బొటనవేలు ఇప్పుడు కొయ్యముక్కలా ఉంది. ఆ తెగిన గీత మాత్రం ఇంకా అలాగే ఉంది.

అన్నయ్యతో చెప్పి రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారి దగ్గర పేరు రాయించండి. త్వరగా జవాబు రాయండి. ఇక్కడ ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఏడవలేను, ఊరంతా వింటుంది.

మీ మరదలు,
హారతి


ధవళేశ్వరం,
11-7-98

హారతీ,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య ఆఫీసులో వరద డ్యూటీలు వేశారు. గోదారి ఎర్రబడింది, పై నుంచి నీళ్ళు దిగుతున్నాయట. ఆయన తిండికి తప్ప ఇంటికి రావడం లేదు. వచ్చినా బ్యారేజీ దగ్గర నీటిమట్టం గురించి చెప్తారు గానీ నేను చెప్పేది వినరు.

ఈ కవర్లో పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి పంపుతున్నాను. మీకు గేదెపాలు కాబట్టి ఇవి దొరకవు. మీ పెరట్లో బొప్పాయి ఉంది కదా, పచ్చి ఆకు ఒకటి కోసి, ఆకు తీసేసి, గొట్టంలా ఉండే కాడ మాత్రం ఉంచు. జానెడు చాలు. దాన్ని పాల ప్యాకెట్ మూతిలో దూర్చి దారంతో బిగించి కట్టు. గాలి బయటికి పోకూడదు. ఇప్పుడు న్యూస్‌పేపరు ముక్క ఆ కాడ చుట్టూ వదులుగా చుట్టి, అంచు అంటించి, ఒక కొన మడిచి మూసెయ్యి. తోకకి పాత క్యాలెండరు అట్ట మూడు ముక్కలు. ఆరాక ఆ కాగితం గొట్టాన్ని కాడకి తొడిగి, ప్యాకెట్ నిండా గాలి ఊది, అరచేత్తో ఫట్‌మని కొట్టాలి. రాకెట్టు పెంకుల మీదికి పోతుంది. చిన్నప్పుడు నేనూ మా అన్నదమ్ములూ నోటితో ఊదేవాళ్ళం, పాల ప్యాకెట్ ఈ కాలపు సౌకర్యం. కాడ ఎండితే పగులుతుంది, రోజుకొకటి కొత్తది కొయ్యాలి.

ఇదంతా దేవిశ్రీ ముందు పెట్టి, ఎలా చెయ్యాలో ఒక్కసారి చెప్పు. తర్వాత నువ్వు అక్కడ కూర్చోకు. నీ పని నువ్వు చూసుకో.

ఇక్కడ కందిపప్పు పురుగు పట్టింది, ఎండబెడదామంటే ఎండ లేదు. మిగతా అంతా మామూలే.

నీ వదిన,
రత్నమాణిక్యం


ద్రాక్షారామం,
20-7-98

వదినగారికి,

మీ ఉత్తరం చేరింది. చదివి కాసేపు ఏమీ అర్థం కాలేదు. పిల్ల చెయ్యి పోతోందని నేను ఏడుస్తూ రాస్తే, మీరు ఆట బొమ్మ ఎలా చెయ్యాలో రాశారు. డాక్టరుగారి మాట ఒక్క ముక్క లేదు. అన్నయ్య సంతకం కూడా లేదు. పైగా నా కూతురి దగ్గర నన్నే కూర్చోవద్దంటారా? కన్నతల్లి కూర్చోకపోతే దాని దగ్గర ఎవరు కూర్చుంటారండీ?

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, రాకెట్టు చేసింది. ఎడంచేత్తో, పళ్ళతో దారం లాగి కట్టింది. నేను దగ్గరే ఉన్నాను. "కుడిచెయ్యి, కుడిచెయ్యి" అని అంటూనే ఉన్నాను. ఎడంచేత్తోనే కొట్టింది. రాకెట్టు ఎగిరి మా ఆయన పప్పుచారులో పడింది. ఆయన నవ్వారు, మా మరిది గణేష్‌బాబు నవ్వాడు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏ చెయ్యి వాడకూడదో ఆ చెయ్యే వాడేలా చేసింది మీ ఆట.

రెండోరోజు పొద్దున్నకి రాకెట్టు అంచులన్నీ బొద్దింకలు కొట్టేశాయి. అన్నం మెతుకులతో అంటించాం మరి. దాంతో పిల్ల ఇంకా ముడుచుకుపోయింది.

మీరు నా మీద ప్రేమతోనే రాశారని తెలుసు. కానీ ఇది ఆటలాడే సమయం కాదు.

హారతి


ధవళేశ్వరం,
30-7-98

హారతీ,

నీ ముక్కు మీద కోపం నాకు కొత్త కాదు. పెళ్ళయి మీ ఇంట్లో కాలు పెట్టిన రోజే చూశాను, నీ చెంబు నేను ముట్టుకున్నానని అన్నం మానేశావు. అయినా ఈ ఉత్తరం చదివి నాకూ ఒళ్ళు మండింది. రెండు రోజులు జవాబు రాయలేదు. మూడోరోజు రాయాలనిపించింది, రాస్తున్నాను.

మొదట డాక్టరుగారి సంగతి. మీ అన్నయ్య వరద డ్యూటీ మధ్యలో, తడిసిన బట్టలతో రాజమండ్రి వెళ్ళి పేరు రాయించి వచ్చారు. డాక్టరుగారు ఊరు వెళ్తున్నారట, సెప్టెంబరు ఆఖరులో రమ్మన్నారు. ఖాయమయ్యాక రాద్దామని ఆగాను, అది నా తప్పే అనుకో. చెల్లెలి కూతురి మీద ఆయనకి దిగులు లేదని మాత్రం అనుకోకు. ఆయనకి దిగులు పుడితే మాట పడిపోతుంది, నీకు తెలియదా?

ఇప్పుడు రాకెట్టు. ఎడంచేత్తో కొట్టిందని ఏడుస్తున్నావు. కొట్టనీ. అది ఎగరడం చూసిందా లేదా? నాకు కావలసింది అంతే. ఇంక పాల ప్యాకెట్ పక్కన పడెయ్యి. కొబ్బరినూనె అయిపోయిన ప్లాస్టిక్ సీసా ఉంటుంది కదా, దాని మూతికి కాడ పెట్టి, సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టు. దీన్ని కొడితే లాభం లేదు, పిడికిట్లో పట్టుకుని నొక్కాలి. రాకెట్టు తోక వదులుగా ఉంటుంది కాబట్టి ఒక చేత్తో దాన్ని నిలబెట్టి పట్టుకోవాలి, రెండో చేత్తో నొక్కాలి. అర్థమైందా? ఒంటిచేత్తో ఎగరదు. ఆ మాట నువ్వు దానికి చెప్పకు. అదే కనుక్కుంటుంది. మొదట్లో మెత్తగా నొక్కితే రాకెట్టు కాడ మీంచి జారి కాళ్ళ దగ్గరే పడుతుంది. బలం వచ్చేకొద్దీ పైకి పోతుంది. దాని చెయ్యి ఎంత బాగుపడిందో అదే చూసుకుంటుంది, మనం చెప్పక్కర్లేదు.

అన్నం మెతుకులు వద్దు. గోడ మీద సినిమా పోస్టర్లకి రాస్తారే, ఆ మైదా లై ఉడకబెట్టు. చిక్కగా వచ్చాక దింపి, పసుపు బాగా కలుపు. బొద్దింకలు ముట్టవు. కొబ్బరిచిప్పలో పోసి దేవిశ్రీకిచ్చెయ్యి, దాని సొంతం.

మళ్ళీ చెప్తున్నాను, దగ్గర కూర్చోకు. కోపమొస్తే నా మీద చూపించు.

మాణిక్యం


ద్రాక్షారామం,
21-8-98

వదినా,

ముందు ఉత్తరంలో నోటికొచ్చినట్టు రాశాను, మన్నించండి. అన్నయ్య తడుస్తూ రాజమండ్రి వెళ్ళాడని చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మీరు చెప్పినట్టు సీసా, ట్యూబు, లై అన్నీ అమర్చిపెట్టాను. పక్కన కూర్చోకుండా ఉండడం నావల్ల కాలేదు గానీ, గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఒకటి రెండు సార్లు కుడిచేత్తో పట్టుకోబోయింది. నొక్కబోయి "అబ్బా" అంది. నేను పరుగెత్తాను. అంతే, సీసా కింద పడేసి చెయ్యి మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. అప్పట్నుంచి ఆ సీసా కూడా కనిపించడం లేదు. ఎక్కడ పారేసిందో అడిగితే చెప్పదు. స్కూలు నుంచి రాగానే పెరట్లోకి పోతుంది, దీపాలు పెట్టేవేళకి వస్తుంది. నాతో మాట్లాడటం కూడా తగ్గించేసింది.

రామచంద్రపురం డాక్టరుగారు వేళ్ళు చూసి, "ఇలాగే ఉంటే మత్తిచ్చి వంచాల్సి వస్తుందేమో, రాజమండ్రిలో ఆయన చూసి చెప్తారు" అన్నారు. వదినా, నేనింక ఆశ వదిలేసుకున్నాను. రాకెట్లూ వద్దు, వేడినీళ్ళూ వద్దు. దాన్ని ఏడిపించే ఓపిక నాకు లేదు. ఎడంచేత్తోనే బతుకుతుంది. రేపు పీటల మీద కూర్చున్నప్పుడు అందరూ ఏమనుకుంటారో అని ఇప్పుడే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, అదీ నా పరిస్థితి.

గణేష్‌బాబుకి కొమరిపాలెం సంబంధం చూశారు. పిల్ల బాగుంది. ఇంకా ఏ సంగతీ తేలలేదు. మావాళ్ళు తేల్చి చెప్పడానికి మీకు తెలుసుగా, ఒక పంట పడుతుంది.

ఇన్‌లాండు జిగురు అంటుకోవడం లేదు. మడిచి దేవిశ్రీ చేతికే ఇస్తున్నాను, దాని చిప్పలో లై ఉందిగా. ఎడంచేత్తో ఎలాగో అంటించి గణేష్‌బాబుకిస్తుంది, వాడు డబ్బాలో వేస్తాడు. నేను చాకలిపద్దు చూడాలి.

మీ హారతి


ధవళేశ్వరం,
31-8-98

హారతీ, నా బంగారు తల్లీ,

ముందు మీ అన్నయ్య గురించి చెప్పాలి, లేకపోతే నవ్వాపుకోలేను.

నీ ఉత్తరం వచ్చి నాలుగైదు రోజులైందట. పోస్టుమాన్ ఆఫీసుకెళ్ళే ఈయన చేతికే ఇచ్చాడు. ఈయన చూస్తే నాలుగు మూలలా పసుపు! అంతే, మొహం గంటు పెట్టుకుని ఇంటికొచ్చారు. ఉత్తరం విప్పలేదు, నాకు చూపించలేదు, తీసుకెళ్ళి రేడియో వెనక పెట్టారు. అన్నంలో మజ్జిగ వద్దంటారు, పేపరు తలకిందులుగా పట్టుకుంటారు. నేను వరద అలసట అనుకున్నాను. ఇవాళ దుమ్ము దులుపుతుంటే ఉత్తరం దొరికింది. "ఇదేంటండీ?" అంటే ఒక్కసారిగా బద్దలయ్యారు.

"ఏంటా? నీ మరదలు పంపిన శుభలేఖ! మరిదికి పెళ్ళి కుదుర్చుకుని సొంత అన్నకి పోస్టులో పంపించింది. గుమ్మంలోకొచ్చి బొట్టు పెట్టి పిలవక్కర్లేదా? బయటివాళ్ళమా మనం? నేను రాను. నువ్వూ వెళ్ళకు."

"భాద్రపదంలో శుభలేఖలు ఎవరు పంచుతారండీ, శూన్యమాసంలో?" అన్నాను. మళ్ళీ పేపరు అందుకున్నారు. "అయినా శుభలేఖకి పసుపు చుక్కల్లా పెడతారు. ఇది పప్పులో చెయ్యి పెట్టి తుడిచినట్టుంది, చూడండి" అని వెలుతురులోకి తీసుకెళ్ళాను.

హారతీ, దుమ్ముగుడ్డ పక్కన పెట్టి కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాను.

నువ్వు లోపల రాసింది నేనింకా చదవలేదు. పైన పసుపు మాత్రమే చూశాను. నీలం కాగితం మీద నాలుగు మూలలా బొటనవేలి ముద్ర. తిప్పి చూస్తే ప్రతి ముద్ర వెనకా రెండు వేళ్ళ ముద్రలు. చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని నొక్కిన ముద్రలు. ఆ నాలుగు బొటనవేలి ముద్రల్లోనూ అడ్డంగా, వాలుగా, లై అంటని సన్నగీత ఒకటి ఉంది. ఆ గీత నాకు తెలియదా? కత్తిపీట మీద తెగిన రోజు నా వేళ్ళ మధ్య ఆ వేలు పట్టుకుని నేనే కదా కూర్చున్నాను. అది కుడిచేతి బొటనవేలు.

తర్వాత ఉత్తరం విప్పి చదివాను. లోపల నువ్వు ఆశ వదిలేసుకున్నానని రాశావు. పైన నీ కూతురు కుడిచేత్తో నాలుగుసార్లు నొక్కి అంటించింది.

మీ అన్నయ్యకి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "నేనో వెధవని" అని పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చాక రెండుసార్లు మజ్జిగ పోయించుకున్నారు.

పిల్లని ఏమీ అడక్కు. ఈ ఉత్తరం సంగతి చెప్పకు. సాయంత్రం పెరట్లోకి ఎక్కడికి పోతుందో దానికి కనపడకుండా చూడు. చూసి, నోరు మూసుకుని వెనక్కి వచ్చెయ్యి. ఇది ఒక్కటి నా మాట విను.

నీ వదిన


ద్రాక్షారామం,
23-9-98

వదినా,

జవాబు ఆలస్యమైంది. రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఏడుపొచ్చి కాగితం పాడైంది. ఇవాళ గట్టిగా కూర్చున్నాను.

మీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే గడ్డిమేటు వెనక్కి వెళ్ళాను. గోడ చాటున నిలబడ్డాను. దేవిశ్రీ అక్కడ ఉంది. పారేసిందనుకున్న నూనెసీసా దాని చేతిలో ఉంది, కుడిచేతిలో. ఎడంచేత్తో రాకెట్టు తోక పట్టుకుని, నాలిక బయటపెట్టి, నొక్కింది. మొహం నొప్పితో ముడుచుకుంది. రాకెట్టు గడ్డిమేటు సగం దాకా వెళ్ళి పడింది. వెళ్ళి తెచ్చుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తెచ్చుకుంది. మేటు పైకొనకి కొబ్బరి ఈనె ఒకటి గుచ్చి ఉంది, అది దాటించాలని దాని పంతం కాబోలు. కోళ్ళు తప్ప దాన్ని చూసేవాళ్ళు లేరు.

నేను వెళ్ళలేదు వదినా. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. పిల్ల నొప్పితో "స్స్" అంటుంటే కాళ్ళు వాటంతటవే కదిలాయి. అయినా వెళ్ళలేదు. పురిటినొప్పులు కూడా నాకు ఇంత కష్టమనిపించలేదు. చప్పుడు కాకుండా ఇంట్లోకొచ్చి బియ్యం కడిగాను. ఏమీ ఎరగనట్టు ఉండడం ఎంత పనో నాకప్పుడు తెలిసింది.

ఇంట్లో అందరికీ ఉప్పందించాను, ఎవరూ దాని చేతివైపు చూడకూడదని. తర్వాత ఓ రోజు భోజనాలప్పుడు ఆనపకాయ పులుసు పోశాను, దానికి ప్రాణం కదా. తలుపు వెనక్కి వెళ్ళడం మరిచిపోయి మా పక్కనే కూర్చుంది. మాటల్లో పడి కుడిచెయ్యి కంచంలో పెట్టింది. ముద్ద కలిపింది. సగం కింద పడింది, సగం నోట్లోకి వెళ్ళింది. మా ఆయన ఇంటికప్పు వైపు చూస్తూ వాసాలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. గణేష్‌బాబు గోడ గడియారంతో మాట్లాడుతున్నాడు. నేను లేచి ఇంకా పులుసు తెచ్చాను. అది అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ ముద్ద కలుపుకుంది.

పడుకునేటప్పుడు నెమ్మదిగా అడిగాను, నాకు కనపడకుండా ఎందుకు ఆడుకున్నావని. ఏమందో తెలుసా? "నువ్వు చూస్తే ఎక్కువ నొప్పెడుతుందమ్మా" అంది. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

మీరు దగ్గర కూర్చోవద్దంటే నేను మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను! నా కూతురి సంగతి పాతిక మైళ్ళ దూరం నుంచి మీకు తెలిసింది, గుమ్మంలో కూర్చున్న నాకు తెలియలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు. ఆ చేత్తో అది తినే ప్రతి ముద్దకీ మీరు గుర్తొస్తారు. మా అన్నయ్య మిమ్మల్ని చేసుకోవడం మా పుట్టింటి అదృష్టం అని ఇన్నాళ్ళూ మనసులోనే అనుకున్నాను, ఇవాళ రాస్తున్నాను. దాచుకోండి.

రాకెట్టు మొన్న ఆ ఈనె దాటింది. దాటి పక్కింటి పెంకుల మీద పడింది. ఇప్పుడు వీధిలో పిల్లలందరికీ ఇదే చేసిపెడుతోంది. మా బొప్పాయిచెట్టుకి నడినెత్తిన నాలుగాకులు మిగిలాయి, పైకి అందక. ఇంట్లో అందరి తలలూ నూనెతో కారిపోతున్నాయి, సీసాలు ఖాళీ అవ్వాలిగా మరి.

గణేష్‌బాబుకి కొమరిపాలెం సంబంధం ఖాయమైంది. కార్తీకంలో పెళ్ళి. ఈ ఉత్తరం మూలలకి పసుపు కనిపిస్తే అది లై మాత్రమే, అన్నయ్యకి ముందే చెప్పండి, మళ్ళీ మజ్జిగ మానేస్తాడు. పిలుపు పోస్టులో రాదు. వచ్చే బుధవారం మేమే వస్తున్నాం. రాజమండ్రి డాక్టరుగారికి కూడా అదే రోజు చూపిద్దాం, భయం లేకుండా వెళ్దాం.

కుంకుమభరిణె దేవిశ్రీ పట్టుకుంటుంది. అత్తయ్యకి నేనే పెడతానని ఇప్పట్నుంచే నా నుదుటి మీద నేర్చుకుంటోంది. మీరు గుమ్మంలో కదలకుండా నిలబడండి, దాని చేతివైపు చూడకండి. బొట్టు కాస్త వంకరగా పడుతుంది. తుడుచుకోకండి వదినా.

మీ హారతి